ముందు బ్రేకు పట్టడం లేదా? ముందు అవుటర్ చూడండి

పాఠకుల ప్రశ్నలు – సైకిల్ మరమ్మతు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ముందు బ్రేకు గురించి అడిగినవే ఎక్కువ. లివర్ మెత్తగా ఉందని ఒకరు, పట్టిన బ్రేకు వదలడం లేదని ఒకరు, హ్యాండిల్ తిప్పితే చక్రం పట్టేస్తోందని ఇంకొకరు రాశారు. లక్షణాలు వేరైనా చాలావాటికి మూలం ఒకేచోట ఉంది. అది లివర్‌కీ బ్రేకుకీ మధ్య కనిపించే నల్లటి తొడుగు, అంటే అవుటర్. రబ్బర్లు మార్పించేవాళ్లున్నారు, వైరు మార్పించేవాళ్లున్నారు. అవుటర్‌ను పట్టించుకునేవాళ్లే తక్కువ. అందుకే ఈ ప్రశ్నలన్నిటినీ ఒకచోట చేర్చి జవాబిస్తున్నాం.

ప్రశ్న (హనుమకొండ నుంచి): నాది 26 అంగుళాల సైకిల్, వి-బ్రేకులు (చక్రానికి రెండు పక్కలా నిలబడే పొడుగు ఆర్ములు రిమ్మును నొక్కే రకం). ముందు బ్రేకుకు కొత్త రబ్బర్లు వేయించాను, లోపలి వైరూ మార్చాను. అయినా లివర్ గ్రిప్పుకు తగిలేదాకా వస్తోంది. వదిలితే తాపీగా వెనక్కి వెళ్తోంది. ఇంట్లోనే మొదటి నుంచి సరిగ్గా బిగించుకోవడం ఎలా?

జవాబు: మీరు మార్చకుండా వదిలేసింది అవుటర్ ఒక్కటే. అనుమానం దాని మీదే పెట్టుకోండి. లివర్ నొక్కినప్పుడు ఇన్నర్ వైరు ఎంత బలంతో లాగుతుందో, అవుటర్ అంతే బలంతో రెండు చివరల మధ్య నలుగుతుంది. చివర వంకరగా కోసి ఉన్నా, చివరకు తొడిగే క్యాపు లేకపోవడంతో అడ్జస్టర్ (లివర్ దగ్గర వైరు బిగువు సర్దే మర) లోపలికి కుంగిపోతున్నా, అవసరానికి మించి పొడుగున్నా మీ చేతి బలంలో కొంత ఆ నలుగుడుకే పోతుంది. లివర్ గ్రిప్పుదాకా రావడానికి కారణం అదే. తాపీగా వెనక్కి వెళ్లడం వేరే జబ్బు, దానికి కారణం రాపిడి.

రాపిడి ఎక్కడుందో రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. బ్రేకు ఆర్ములు రెంటినీ చేత్తో రిమ్ముకు నొక్కిపట్టి, వైరు వచ్చే వంపు గొట్టాన్ని కొక్కెం నుంచి తప్పించండి. ఇప్పుడు ఆర్ములు వదిలితే స్ప్రింగు బలానికి చప్పున బయటికి పోవాలి. పోలేదంటే వైరు తప్పేమీ లేదు, ఫోర్కు మీద ఆర్ము తిరిగే పిన్ను తుప్పు పట్టిందన్నమాట. ఆర్ము విప్పి, పిన్నును సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, పలచగా గ్రీజు రాసి బిగించాలి. ఆర్ములు చప్పున పోతే, వైరును చేత్తో అటూ ఇటూ లాగి చూడండి. గరగరమంటే అవుటర్ లోపల గానీ వంపు గొట్టంలో గానీ మట్టో తుప్పో ఉంది. గొట్టం సొట్టపడి ఉంటే సరిచేసే ప్రయత్నం వద్దు, కొత్తది వేయండి.

ఇక మొదటి నుంచి బిగించడానికి కావలసినవి: 5 మి.మీ. లావున్న బ్రేకు అవుటర్, 1.5 లేదా 1.6 మి.మీ. ఇన్నర్, అవుటర్ చివరలకు క్యాపులు, వైరు కొసకు నొక్కే చిన్న అల్యూమినియం టోపీ. పనిముట్లుగా 5 మి.మీ. అలెన్ కీ, స్టార్ స్క్రూడ్రైవర్, పదునైన కటింగ్ ప్లేయర్, ఆకురాయి, దబ్బనం చాలు. వంపు లేని తిన్నటి హ్యాండిల్ లివర్లకు సరిపడే ఇన్నర్ తల చిన్న పీపాలా అడ్డంగా ఉంటుంది. వంపు కొమ్ముల రేసు హ్యాండిల్ లివర్లకైతే తల బేరిపండు ఆకారంలో ఉంటుంది. కొన్ని వైర్లకు రెండు చివరలా రెండు రకాల తలలూ ఉంటాయి. అక్కర్లేని తలను కోసేయాలి.

షాపులో ఒక్క విషయం మాత్రం గట్టిగా చూసుకోండి. గేరు అవుటర్ ఎక్కువగా 4 మి.మీ. ఉంటుంది, చూడ్డానికి దాదాపు ఒకేలా కనిపిస్తుంది. బ్రేకు అవుటర్‌లో ఉక్కు తీగ స్ప్రింగులా చుట్టుకొని ఉంటుంది. గేరు అవుటర్‌లో తీగలు నిలువుగా పక్కపక్కనే పేర్చి ఉంటాయి, వాటిని పట్టి ఉంచేది పైనున్న ప్లాస్టిక్ మాత్రమే. బ్రేకు బలంగా పట్టిన క్షణంలో ఆ ప్లాస్టిక్ చీలితే తీగలు విచ్చుకుపోతాయి, బ్రేకు ఉండదు. గేరు అవుటర్‌ను బ్రేకుకు ఎట్టి పరిస్థితిలోనూ వాడకండి, "ఇదే ఉంది, సర్దుకోండి" అని షాపులో చెప్పినా సరే.

పని లివర్ నుంచి మొదలుపెట్టండి. చాలా సైకిళ్లలో లివర్ గ్రిప్పును ఆనుకుని ఉంటుంది, అందువల్ల వేళ్లు లివర్ మధ్యలో పడతాయి. లివర్‌ను లోపలికి జరిపి, చూపుడు వేలూ మధ్య వేలూ దాని కొస దగ్గర పడేలా పెట్టండి. కొస దగ్గర నొక్కితే తక్కువ బలానికే ఎక్కువ లాగుతుంది. సీటు మీద కూర్చుని చెయ్యి చాచి వేళ్లు తిన్నగా పెడితే, మణికట్టు వంగకుండా వేళ్లు లివర్ మీద ఆనాలి. ఎక్కువమందికి అది నేలకు సమాంతరంగా కాకుండా 30 నుంచి 45 డిగ్రీలు కిందికి వాలి ఉంటుంది. క్లాంపు స్క్రూను మామూలుగా నొక్కితే లివర్ కదలనంత బిగించండి. అంతకు మించి వద్దు. సైకిల్ పడినప్పుడు లివర్ కాస్త తిరిగిపోవాలి, విరిగిపోకూడదు.

తర్వాత అవుటర్ పొడవు. పాత ముక్కను కొలతగా పెట్టుకోకండి, అది తప్పు పొడవై ఉండొచ్చు. కొత్త అవుటర్‌ను కోయకుండానే ఒక చివర లివర్ అడ్జస్టర్‌లో పెట్టి, హ్యాండిల్‌కు ముందు నుంచి దించి, వంపు గొట్టం నోటిదాకా తీసుకురండి. అడ్జస్టర్ నుంచి కొద్ది దూరం తిన్నగా వచ్చాకే వంపు మొదలవ్వాలి, గొట్టంలోకి తిన్నగా దిగాలి. మధ్యలో ఒక్క సాఫీ వంపు ఉంటే చాలు. అలాగే పట్టుకుని హ్యాండిల్‌ను కుడికీ ఎడమకీ చివరిదాకా తిప్పండి. ఏ వైపు తిప్పినా అవుటర్ బిగుసుకుపోకూడదు, గొట్టాన్ని పక్కకు లాగకూడదు, ఎక్కడా మడతపడకూడదు. ఆ షరతులు తీరే కనీస పొడవే మీ పొడవు. ముందు బుట్ట ఉన్నవాళ్లు బుట్ట నిండుగా ఉన్నప్పుడు కూడా అవుటర్ నలగకుండా దారి చూసుకోవాలి.

కోసేటప్పుడు ప్లేయర్‌తో అవుటర్‌ను అడ్డంగా నలిపేయకండి. కోయవలసిన చోట కాస్త వంచితే లోపలి చుట్ల మధ్య సందు తెలుస్తుంది, ఆ సందులో ప్లేయర్ పెట్టి ఒక్క చుట్టునే తుంచాలి. తుంచిన తీగ కొస లోపలికి పొడుచుకొచ్చి ఉంటే దాన్ని కత్తిరించి, చివరను ఆకురాయితో చదును చేయండి. లోపలున్న ప్లాస్టిక్ గొట్టం నోరు మూసుకుపోయి ఉంటుంది, దబ్బనంతో గుండ్రంగా తెరవండి. దీన్ని వదిలేస్తే కొత్త వైరు మొదటి రోజు నుంచే గీసుకుపోతుంది. లివర్ వైపు క్యాపు తప్పనిసరి. వంపు గొట్టం నోట్లో క్యాపు పడితే వేయండి. పట్టకపోతే చదునుగా రాసిన చివర అడుగుదాకా ఆనేలా నేరుగా దూర్చండి.

ఇన్నర్ ఎక్కించే ముందు లివర్ అడ్జస్టర్‌ను పూర్తిగా లోపలికి తిప్పి, మళ్లీ రెండు చుట్లు బయటికి తీయండి. అడ్జస్టర్‌కీ దాని లాక్ నట్టుకీ లివర్‌కీ ఉన్న చీలికలను ఒకే వరసలోకి తెచ్చి, వైరు తలను లివర్‌లోని గుంటలో కూర్చోబెట్టి, వైరును ఆ చీలికలోంచి లోపలికి జార్చండి. తర్వాత అడ్జస్టర్‌ను అర చుట్టు తిప్పి చీలికలు ఒక వరసలో లేకుండా చేయాలి. ఒకే వరసలో వదిలేస్తే గతుకుల రోడ్డులో వైరు సందులోంచి బయటపడవచ్చు.

వైరు అవుటర్‌లోంచి, వంపు గొట్టంలోంచి, దాని చివర రబ్బరు తొడుగులోంచి అవతలి ఆర్ము మీది బోల్టు కిందికి వస్తుంది. గొట్టాన్ని కొక్కెంలో పెట్టి, రబ్బర్లు రిమ్ముకు రెండు వైపులా కలిపి సుమారు 2 మి.మీ. దూరంలో ఉండగా వైరు లాగి బోల్టు బిగించండి. టార్క్ పానా ఉంటే 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు. లేకపోతే మామూలు అలెన్ కీని గట్టిగా తిప్పితే వచ్చే బిగువు చాలు. బోల్టు కింద వైరు కొద్దిగా చదునవ్వాలి. పోగులు తెగాయంటే ఎక్కువ బిగించారు.

ఇప్పుడు లివర్‌ను పది సార్లు బలంగా, పూర్తి బలంతో నొక్కండి. వెంటనే లివర్ కాస్త వదులవుతుంది. చాలామంది దీన్ని వైరు సాగడం అనుకుంటారు. నిజానికి అవుటర్ చివరలు క్యాపుల్లో, క్యాపులు గుంటల్లో సర్దుకోవడమే ఎక్కువ. బోల్టు వదులు చేసి ఆ వదులు లాగి మళ్లీ బిగించండి. ఒక రబ్బరు రిమ్ముకు దగ్గరగా, రెండోది దూరంగా ఉంటే, దగ్గరున్న ఆర్ము పక్కనున్న చిన్న స్క్రూను పావు చుట్టు చొప్పున బిగిస్తూ పోండి. అలా చేస్తే స్ప్రింగు బిగువెక్కి ఆ ఆర్ము దూరం జరుగుతుంది. వైరు కొస 4, 5 సెంటీమీటర్లు వదిలి కోసి, టోపీ నొక్కండి. టోపీ లేని కొస రెండు వారాల్లో విచ్చుకుంటుంది, ఆ తర్వాత అదే వైరును విప్పి మళ్లీ దూర్చడం కుదరదు.

సరిగ్గా ఉందో లేదో ఇలా తెలుస్తుంది: రబ్బర్లు రిమ్మును తాకేటప్పటికి లివర్ తన దారిలో మూడో వంతు వచ్చి ఉండాలి. ఎంత గట్టిగా నొక్కినా లివర్‌కీ గ్రిప్పుకీ మధ్య ఒక వేలు పట్టేంత సందు మిగలాలి. చక్రం పైకెత్తి తిప్పుతూ హ్యాండిల్ రెండు వైపులా తిప్పితే రబ్బరు ఎక్కడా రాసుకోకూడదు. ఆఖరుగా సైకిల్ పక్కన నడుస్తూ ముందు బ్రేకు మాత్రమే పట్టండి. ముందు చక్రం ఆగి వెనక చక్రం నేల నుంచి లేవబోవాలి. ఇవన్నీ తేలాకే రోడ్డెక్కండి.

ప్రశ్న (అమెరికా, టెక్సస్ నుంచి): ఇక్కడ కొన్న సైకిల్‌కు ముందు బ్రేకు ఎడమ చేతికి ఉంది. హైదరాబాద్‌లో మోటార్ సైకిల్ నడిపిన అలవాటు వల్ల నాకు కుడి చేయి ముందు బ్రేకు. వైర్లు మార్చుకోవచ్చా?

జవాబు: మార్చుకోవచ్చు. అక్కడ అమ్మే సైకిళ్లకు కుడి లివర్ వెనక బ్రేకుకు, ఎడమ లివర్ ముందు బ్రేకుకు ఉండాలన్నది ఫెడరల్ నిబంధన. కొనేవారు కోరితే తారుమారు చేసి ఇవ్వడానికీ అందులో వీలుంది. మన దగ్గర మోటార్ సైకిళ్లకూ స్కూటర్లకూ కుడి చేతి లివరే ముందు బ్రేకు. ఎదురుగా ఏదైనా అడ్డం వచ్చినప్పుడు చేతికి ఆలోచించుకునే వ్యవధి ఉండదు, అలవాటైన వైపే నొక్కుతుంది. కాబట్టి సైకిల్ మీరొక్కరే నడిపితే మీ చేతి అలవాటుకే మార్చుకోండి. అదే సైకిల్ అక్కడే పుట్టి పెరిగిన పిల్లలూ నడుపుతుంటే మార్చకండి. ఇంట్లో అన్ని సైకిళ్లూ ఒకే తీరులో ఉండటం ముఖ్యం.

లివర్లను విప్పి అటుదిటు పెట్టే పని లేదు. గేరు లివర్‌తో కలిసి ఉన్నవి అసలు మారవు కూడా. వైర్లు మాత్రమే మార్చాలి. అయితే పాత అవుటర్లతో సరిపెట్టుకోవాలని చూడొద్దు. ఎక్కువ వి-బ్రేకుల్లో ముందు చక్రానికి వంపు గొట్టం నడిపేవారి కుడి వైపు ఉంటుంది. ఎడమ లివర్ నుంచి వచ్చే అవుటర్ హ్యాండిల్ ముందు నుంచి అడ్డంగా దాటి విశాలమైన వంపుతో దాంట్లోకి దిగుతుంది. అదే కుడి లివర్ నుంచి వస్తే దారి దగ్గరైపోయి వంపు ఇరుకవుతుంది. అందుకని అవుటర్‌ను ముందుకు కాస్త పెద్ద చుట్టుగా తీసుకెళ్లి దించాలి. ఆ చుట్టు వల్ల అవుటర్ కాస్త పొడుగైనా సరే, ఇరుకు వంపు కంటే అది మేలు. ఇరుకు వంపులో రాపిడి పెరుగుతుంది, వైరు అక్కడే అరుగుతుంది. మీది డిస్కు బ్రేకయితే లెక్క తిరగబడుతుంది. ముందు డిస్కు ఫోర్కు ఎడమ కాలి మీద ఉంటుంది కాబట్టి కుడి లివర్ నుంచే దారి సాఫీగా వస్తుంది. వెనక బ్రేకు అవుటర్ కూడా కొత్త పొడవుకు కోసుకోవాల్సి వస్తుందని గుర్తుంచుకోండి. మార్చిన మొదటి రోజు ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి, రెండు చేతులతోనూ బ్రేకు పట్టి చూడండి.

ప్రశ్న (నంద్యాల నుంచి): పిల్లవాడి సైకిల్‌కు పాత తరహా కాలిపర్ బ్రేకు (చక్రం పైన ఒకే మధ్య బోల్టుకు బిగించిన, పటకారులాంటి ఆర్ముల జత). ఎన్నిసార్లు మధ్యకు తెచ్చి బిగించినా ఒక రబ్బరు మళ్లీ రిమ్ముకు రాసుకుంటోంది.

జవాబు: కాలిపర్ బోల్టును ఇంకా బిగించకండి. వైరు కొస బిగించిన నట్టు వదులు చేసి, అవుటర్‌ను కాలిపర్ నుంచి విడదీయండి. ఇప్పుడు కాలిపర్ మధ్యలో నిలబడితే దాన్ని పక్కకు నెడుతున్నది అవుటరే. బిరుసైన అవుటర్ పొడుగెక్కువైతే కాలిపర్‌ను ఒక పక్కకు తోస్తుంది, పొట్టిదైతే లాగుతుంది. మొదటి ప్రశ్నకు జవాబులో చెప్పినట్టు కొత్త పొడవుకు కోయండి. అవుటర్ తీసేసినా కాలిపర్ పక్కకే ఒరిగితే, మధ్య బోల్టు వెనక నట్టు వదులు చేసి కాలిపర్‌ను మధ్యకు తిప్పి మళ్లీ బిగించాలి.

ప్రశ్న (మహబూబ్‌నగర్ నుంచి): లివర్ విరిగితే షాపులో మరో లివర్ వేశారు. లివర్ రాయిలా గట్టిగా ఉంది, కానీ సైకిల్ ఆగడం లేదు.

జవాబు: మీ బ్రేకుకూ కొత్త లివర్‌కూ పొత్తు కుదరలేదు. వి-బ్రేకుకు లివర్ ఎక్కువ వైరు లాగాలి. కాలిపర్‌కు, వి-బ్రేకు రాకముందు వాడిన పాత కాంటిలివర్ బ్రేకుకు అందులో దాదాపు సగం చాలు. ఎక్కువ లాగే లివర్‌ను కాలిపర్‌కు వేస్తే రబ్బర్లు చప్పున రిమ్మును తాకుతాయి, లివర్ గట్టిగా అనిపిస్తుంది, కానీ రబ్బరు మీద పడే ఒత్తిడి తక్కువ. మీరు చెప్పింది ఇదే. తిరగేస్తే, అంటే తక్కువ లాగే లివర్‌ను వి-బ్రేకుకు వేస్తే, లివర్ మెత్తగా వచ్చి గ్రిప్పుకు తగులుతుంది. వైరు బిగించడమో రబ్బర్లు మార్చడమో దీనికి మందు కాదు. లివర్ ఇరుసు నుంచి వైరు తల కూర్చునే గుంట దూరంగా ఉంటే ఎక్కువ లాగే రకం, దగ్గరగా ఉంటే తక్కువ లాగేది. కొన్ని లివర్లలో ఆ గుంటను జరిపే ఏర్పాటు ఉంటుంది, మీ దాంట్లో ఉందేమో చూడండి. లేకపోతే బ్రేకు రకం చెప్పి లివర్ మార్పించుకోండి.

ప్రశ్న (గుంటూరు నుంచి): మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. వేళ్లు లివర్‌ను అందుకోవడం లేదు.

జవాబు: లివర్ మొదట్లో, ఇరుసు దగ్గర ఒక చిన్న స్క్రూ ఉంటుంది. స్టార్ తలదైనా, 2 లేదా 2.5 మి.మీ. అలెన్ కీ పట్టేదైనా కావచ్చు. దాన్ని లోపలికి బిగిస్తూ పోతే లివర్ గ్రిప్పు వైపు జరుగుతుంది. అమ్మాయి అరచేయి గ్రిప్పు మీద ఉండగా చూపుడు వేలి మొదటి కణుపు లివర్ మీద పడేదాకా జరపండి. అక్కడితో ఆపకూడదు. లివర్ దగ్గరైన మేరకు అది నడిచే దారి తగ్గింది. అడ్జస్టర్‌ను బయటికి తిప్పి రబ్బర్లను రిమ్ముకు దగ్గర చేసి, గట్టిగా నొక్కితే గ్రిప్పుకు తగలడం లేదని చూసుకోండి. పిల్లల వేళ్లకు బలం తక్కువ కాబట్టి వాళ్ల సైకిల్లో అవుటర్ రాపిడి పెద్దవాళ్ల సైకిల్లో కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. స్క్రూ తిప్పినా అమ్మాయికి బ్రేకు బరువుగా ఉంటే కొత్త అవుటర్, కొత్త ఇన్నర్ వేయడమే సరైన పని.

ప్రశ్న (కాకినాడ నుంచి): ఏడాది తిరక్కుండానే వైర్లు తుప్పు పడుతున్నాయి. కొబ్బరి నూనె పోస్తున్నాను. సరైనదేనా?

జవాబు: కొబ్బరి నూనె వద్దు. సుమారు 24 డిగ్రీల దగ్గర అది గడ్డకడుతుంది. చలికాలపు ఉదయాల్లో వైరు అవుటర్‌లో ఇరుక్కున్నట్టు కదలడానికి అదొక కారణం. రోజులు గడిచేకొద్దీ జిగురై దుమ్మును పట్టుకుంటుంది కూడా. లోపల ప్లాస్టిక్ గొట్టం ఉన్న అవుటర్‌కు నూనె దాదాపు అక్కర్లేదు, ఇన్నర్ ఎక్కించేటప్పుడు పలచటి నూనె వేళ్లకు రాసుకుని వైరు పొడవునా తుడిస్తే చాలు. చిక్కటి గ్రీజు దట్టిస్తే బరువెక్కుతుంది. ప్లాస్టిక్ గొట్టం లేని చవక అవుటర్ అయితే నెలకోసారి కుట్టు మిషన్ నూనె కొన్ని చుక్కలు పై చివర నుంచి దించండి.

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో జింకు పూత వైరు కంటే స్టెయిన్‌లెస్ స్టీల్ ఇన్నర్ చాలాకాలం నిలుస్తుంది, ధరలో తేడా పెద్దగా ఉండదు. నీళ్లు లోపలికి పోయే దారి ముఖ్యంగా లివర్ దగ్గరే. అడ్జస్టర్ చీలిక పైకి తిరిగి ఉంటే వాననీరు నేరుగా అవుటర్‌లోకి జారుతుంది, దాన్ని కిందికి తిప్పి లాక్ నట్టు బిగించండి. కింద వంపు గొట్టం చివరి రబ్బరు తొడుగు చిరిగి ఉంటే ముందు చక్రం చిమ్మే బురద అక్కడి నుంచి ఎక్కుతుంది. ఆ తొడుగు చిన్నదే గానీ దాన్ని మార్చకుండా వైరు మార్చి లాభం లేదు.

ప్రశ్న (హైదరాబాద్, కూకట్‌పల్లి నుంచి): సస్పెన్షన్ ఫోర్కు, వైరుతో నడిచే డిస్కు బ్రేకు. హ్యాండిల్ ఎడమకు తిప్పితే బ్రేకు దానంతటదే పడుతోంది. కాలిపర్ (డిస్కును పట్టే భాగం) మీది అడ్జస్టర్ ఎంత తిప్పినా లివర్ వదులుగానే ఉంటోంది.

జవాబు: ఇవి రెండు వేరువేరు సమస్యలు. హ్యాండిల్ తిప్పితే బ్రేకు పడటం అంటే అవుటర్ పొట్టిది, లేదా ఎవరో ప్లాస్టిక్ టై వేసి దాన్ని తప్పు చోట కట్టేశారు. సస్పెన్షన్ ఫోర్కులో కింది కాళ్లు పైకీ కిందికీ కదులుతాయి, పై భాగం కదలదు. అవుటర్‌ను కింది కాలి మీదున్న క్లిప్పుకు మాత్రమే కట్టాలి, ఆ క్లిప్పు నుంచి హ్యాండిల్ దాకా స్వేచ్ఛగా వదలాలి. ఫోర్కు పై భాగానికి కట్టిన టై కోసేయండి. ఫోర్కు పూర్తిగా సాగి ఉన్నప్పుడు, హ్యాండిల్ చివరిదాకా తిప్పినప్పుడు అవుటర్ బిగుసుకోకూడదు. ఫోర్కును చేత్తో కిందికి నొక్కినప్పుడు ఏర్పడే వంపు బయటి వైపుకు ఉబకాలి, టైరు వైపుకు కాదు. టైరుకు తగిలితే అవుటర్ పైపొర అరిగి నీళ్లు దిగుతాయి. చక్రంలో చిక్కుకుంటే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరిపడతాడు.

లివర్ వదులు గురించి: అడ్జస్టర్ ఉన్నది వైరులోని చిన్న తేడాను సర్దడానికే. దాన్ని అదే పనిగా బయటికి తిప్పితే వైరు లాగే కాలిపర్ మీటకు నడిచే దారిలో కొంత ముందే ఖర్చైపోతుంది. మీట మొదటి స్థానంలో పూర్తిగా వెనక్కి ఉండాలి. ఇలాంటి కాలిపర్లలో చాలావాటికి ఒక ప్యాడ్ (డిస్కును నొక్కే బిళ్ల) మాత్రమే కదులుతుంది, రెండోది స్థిరం. అడ్జస్టర్‌ను లోపలికి తిప్పేసి, వైరును మీట కదలకుండా లాగి బిగించండి. కాలిపర్‌ను ఫోర్కుకు పట్టే రెండు బోల్టులూ వదులు చేసి, స్థిరంగా ఉండే ప్యాడ్‌ను దాని నాబ్‌తో గానీ అలెన్ కీతో గానీ డిస్కుకు విజిటింగ్ కార్డు మందం దూరంలోకి తెచ్చి, లివర్ నొక్కి పట్టుకుని బోల్టులను ఒక్కోటి కాస్త కాస్తగా బిగించండి. ప్యాడ్లు అరిగేకొద్దీ స్థిరమైన ప్యాడ్‌నే లోపలికి తేవాలి. ఈ పనంతా చేసేటప్పుడు నూనె చేతులతో డిస్కును ముట్టుకోవద్దు. నూనె పీల్చుకున్న ప్యాడ్ మళ్లీ మామూలు కావడం కష్టం.

ప్రశ్న (తాడేపల్లిగూడెం నుంచి): నాన్నగారి కాలం నాటి పెద్ద సైకిల్‌కు రాడ్ బ్రేకులున్నాయి. తీసేసి లివర్, వైరు బ్రేకు పెట్టించుకోవచ్చా?

జవాబు: ఆ చక్రాలతో కుదరదు. 28 × 1½ సైజు పాత సైకిళ్లకు వేసే వెస్ట్‌వుడ్ రిమ్ము అంచులు గుండ్రంగా ఉంటాయి. రాడ్ బ్రేకు రబ్బర్లు రిమ్మును పక్కల నుంచి నొక్కవు, కింది నుంచి, అంటే ఆకుల వైపు నుంచి పైకి లాగి ఆనుతాయి. కాలిపర్‌కు కావలసిన చదునైన పక్క గోడ ఆ రిమ్ముకు లేదు. బలవంతంగా పెడితే రబ్బరు అంచు మీద జారి టైరును కోస్తుంది. చక్రమే మార్చి కాలిపర్ పెట్టాలంటే ఫోర్కు మెడ దగ్గర బోల్టు రంధ్రం ఉండాలి, రబ్బర్లు కొత్త రిమ్ముదాకా చేరేంత పొడుగు ఆర్ములుండాలి. రంధ్రం లేకపోతే మీరే డ్రిల్లు చేయకండి, ఫోర్కు బలహీనపడేది సరిగ్గా బ్రేకు బరువు పడే చోటే.

మా సలహా రాడ్ బ్రేకునే సరిచేసుకోమని. దాంట్లో అవుటరే లేదు, నలిగేదేమీ లేదు, కీళ్లు బాగుంటే అది దశాబ్దాలు పనిచేస్తుంది. ఎగువ రాడ్డూ కింది రాడ్డూ కలిసే చోట నట్టు వదులు చేసి, రబ్బర్లు రిమ్ముకు 2, 3 మి.మీ. కింద ఉండేలా సర్ది బిగించండి. కీళ్లన్నిటికీ నూనె వేయండి, రిమ్ము మీద మాత్రం ఒక్క చుక్క పడకూడదు. ఉక్కు రిమ్ము తడిస్తే ఏ బ్రేకైనా చాలా ఆలస్యంగా పడుతుంది, వానలో వేగం తగ్గించుకుని ముందే పట్టడం మొదలుపెట్టాలి.

ప్రశ్న (విజయనగరం నుంచి): వైరు ఎప్పుడు మార్చాలో ఎలా తెలుస్తుంది?

జవాబు: లివర్ పూర్తిగా నొక్కి, వైరు తల దగ్గర టార్చి వేసి చూడండి. వైరు తెగేది ఎక్కువగా అక్కడే, తల తిరిగే చోట. రెండో చోటు బ్రేకు దగ్గర బోల్టు కింద. ఒక్క పోగు తెగినా ఆ వారమే మార్చేయండి. మిగతా పోగులు త్వరత్వరగా తెగుతాయి, చివరిది తెగేది మీరు గట్టిగా బ్రేకు పట్టినప్పుడే. అవుటర్ పైపొర పగిలి లోపలి చుట్లు కనిపిస్తే, చివరన క్యాపు చీలితే, అవుటర్‌ను వంచినచోట మడత మిగిలిపోతే వైరు బాగున్నా అవుటర్ మార్చాలి. ముందు బ్రేకుకు పట్టే అవుటర్ పొట్టి ముక్కే కాబట్టి, ఇన్నర్ మార్చిన ప్రతిసారీ దాన్నీ కలిపి మార్పించండి.